ఒక్క మందపాటి గ్లౌజు ఎందుకు సరిపోదు?

తెల్లవారుజామున మంచు వాలు కింద నిలబడి బూటుకు క్రాంపాన్ (మంచు మీద జారకుండా పట్టునిచ్చే ఇనుప ముళ్ళ చట్రం) కట్టుకుంటున్నాను. చేతులకు ఉన్నవి నా దగ్గరున్న వాటన్నిటిలోకీ మందమైన గ్లౌజులు. పట్టీని బకిల్‌లోంచి దూర్చి లాగాలి. అంత లావు వేళ్ళకు పట్టీ కొస చిక్కలేదు. రెండుసార్లు జారిపోయాక కుడిచేతి గ్లౌజు తీసి చంకలో పెట్టుకుని, వట్టి చేత్తో పని కానిచ్చాను. అంతా కలిపి రెండు నిమిషాలు. ఇనుము తగిలిన చోటల్లా వేలికొసలు చురుక్కుమన్నాయి. కాసేపటికి ఆ చురుకు కూడా తెలియలేదు. మళ్ళీ గ్లౌజు తొడుక్కుని నడక మొదలుపెడితే ఆ వేళ్ళలోకి ప్రాణం రావడానికి ముప్పావుగంట పట్టింది. ఎడమ చెయ్యి మాత్రం మొదటి నుంచీ వెచ్చగానే ఉంది. ఒకే మనిషి, ఒకే చలి, ఒకే జత గ్లౌజులు.

ఆ తేడా నన్ను చాలాకాలం వదల్లేదు. చలికొండల్లో ట్రెక్కింగ్‌కో క్లైంబింగ్‌కో వెళ్ళబోయేవాళ్ళు గ్లౌజుల గురించి ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇది మైనస్ ఎన్ని డిగ్రీల దాకా ఆపుతుంది?" నేను వాళ్ళను తిరిగి అడిగేవి వేరు. రోజు మొత్తం మీద దాన్ని ఎన్నిసార్లు తీయాల్సి వస్తుంది? లోపల ఎంత చెమట పడుతుంది? బయట తగిలేది పొడి మంచా, తడి మంచా? చేతులు కొంకర్లు పోవడానికి చాలాసార్లు కారణం గ్లౌజు పల్చన కావడం కాదు. అది తడిసిపోయి ఉంటుంది, లేదా బిగుతుగా ఉంటుంది, లేదా ఏదో పని కోసం తీసేయాల్సి వచ్చి ఉంటుంది. ఈ మూడు ఇబ్బందులకూ ఒక్క జతతో జవాబు దొరకదు. పొరలు కావాల్సింది అందుకే.

చలి ముందు వేళ్ళనే ఎందుకు పట్టుకుంటుంది

ఒళ్ళు చల్లబడుతోందనగానే శరీరం ముందు కాపాడుకునేది గుండె, మెదడు, ఊపిరితిత్తులు. అందుకోసం చేతులకూ పాదాలకూ వెళ్ళే రక్తనాళాలను బిగించేస్తుంది. మామూలు వేళల్లో వేలికొసలు శరీరానికి రేడియేటర్లలాంటివి. ధమనుల్లోని వెచ్చటి రక్తం నేరుగా సిరల్లోకి మళ్ళే అడ్డదారులు అక్కడ చాలా ఉంటాయి. ఒంట్లో వేడి ఎక్కువైతే అవి తెరుచుకుంటాయి, చలేస్తే మూసుకుంటాయి. పైగా వేళ్ళలో కండ లేదు. వేళ్ళను ఆడించే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. వేళ్ళ దాకా వచ్చేవి వాటిని లాగే తాళ్ళలాంటి స్నాయువులే. కండ లేనిచోట పెద్దగా వేడి పుట్టదు కాబట్టి వేలికి వెచ్చదనం కావాలంటే రక్తం మోసుకురావాల్సిందే.

గ్లౌజుకూ సొంత వేడి లేదు. రక్తం తెచ్చిన వేడిని తొందరగా పోనివ్వకుండా పట్టి ఉంచడం వరకే దాని పని. రక్తమే రాకపోతే ఎంత మంచి గ్లౌజైనా చల్లటి చేతిని చల్లగానే దాచిపెడుతుంది. క్రాంపాన్ కట్టుకున్న రోజు నా కుడిచేతికి జరిగింది అదే. అందుకే చేతులు చల్లబడుతున్నాయంటే గ్లౌజు మార్చే ముందు ఇంకో జాకెట్టు వేసుకోవాలి, టోపీ పెట్టుకోవాలి, కాస్త ఏదైనా తినాలి. శరీరానికి చలి భయం తీరితే చేతులకు రక్తం అదే పంపిస్తుంది. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి బాగా దగ్గరగా ఉంటాయి. అక్కడ గ్లౌజుకీ జాకెట్టు చేతికీ మధ్య రెండు వేళ్ళంత ఖాళీ ఉన్నా వేళ్ళకు వెళ్ళే రక్తం దారిలోనే చల్లబడుతుంది.

చలికి అందరి చేతులూ ఒకేలా స్పందించవు. వేళ్ళను మంచునీళ్ళలో ముంచి ఉంచితే కొన్ని నిమిషాలకు బిగుసుకున్న రక్తనాళాలు మళ్ళీ తెరుచుకుని, వేళ్ళు కాస్త వెచ్చబడి, తిరిగి చల్లబడుతూ ఒక వరసలో సాగుతాయని బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ 1930లో రాశారు. కొందరిలో ఇది బలంగా ఉంటుంది, కొందరిలో కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. రేనాడ్స్ సమస్య ఉన్నవాళ్ళకు కొద్దిపాటి చలికే వేళ్ళు తెల్లగా పాలిపోతాయి. సిగరెట్ తాగితే రక్తనాళాలు ఇంకా బిగుసుకుంటాయి. కాబట్టి తోటివాడికి ఒక గ్లౌజు సరిపోయిందంటే మనకూ సరిపోతుందని అనుకోకూడదు.

వేలి చర్మం ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల కిందికి దిగితే చేతి పనితనం తగ్గుతుంది. జిప్పులు, ముడులు కష్టమవుతాయి. 8 డిగ్రీల దగ్గరికొస్తే స్పర్శే మందగిస్తుంది. ఇదంతా వేలు గడ్డకట్టడానికి చాలా ముందే జరుగుతుంది. కొండమీద చాలా ప్రమాదాలు ఈ మధ్య దశలోనే మొదలవుతాయని నా అభిప్రాయం. వేళ్ళు ఇంకా బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ తాడును తగిలించే కొక్కెం, అంటే కారాబినర్, గేటు సరిగ్గా మూసుకుందో లేదో ఆ వేళ్ళకు తెలియదు.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. ప్రతి 1000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. 5500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగమే. ఆక్సిజన్ చాలక, నీళ్ళు తక్కువ తాగి, ఆకలి చచ్చిపోయి ఉన్న శరీరం చేతుల మీద పెట్టే శ్రద్ధ బాగా తగ్గిపోతుంది.

గాలి కాపాడుతుంది, నీళ్ళు ముంచుతాయి

ఉన్ని అయినా, ఫ్లీస్ అనే నూగు సింథటిక్ బట్ట అయినా, డౌన్ అనే బాతుల మెత్తటి లోపలి ఈకలైనా మనల్ని వెచ్చగా ఉంచేది వాటి పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఆ గాలి నలిగిపోతే వెచ్చదనం పోతుంది. ఐస్ యాక్స్ (మంచులో దిగ్గొట్టే గొడ్డలి) గట్టిగా పట్టుకున్నప్పుడు అరచేతి వైపు ముందు చల్లబడేది అందుకే. ఇక గాలి స్థానంలో నీళ్ళు చేరితే సంగతి మరీ మారిపోతుంది. నీరు వేడిని నిశ్చలమైన గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. చెమట అయినా, కరిగిన మంచు అయినా ఇందులో తేడా లేదు.

అందుకే మైనస్ 15 దగ్గర పొడి మంచులో నడిచిన రోజుకంటే, సున్నాకి అటూఇటూగా తడి మంచు పడుతున్న రోజే చేతులకు ఎక్కువ కష్టం. మైనస్ 15లో గ్లౌజు మీద పడిన మంచును దులిపేస్తే రాలిపోతుంది. సున్నా దగ్గర అది అంటుకుని, చేతి వేడికి కరిగి, కుట్లలోంచి లోపలికి దిగుతుంది. కొత్తగా వెళ్ళేవాళ్ళు మైనస్ డిగ్రీలు చూసి భయపడతారు, ప్లస్ 2 చూసి ధైర్యపడతారు. ప్లస్ 2లో వర్షం, గాలి కలిసిన రోజు నా దృష్టిలో గ్లౌజులకు అసలైన పరీక్ష.

ఈదురుగాలి లెక్క కూడా చూడాలి. అంటార్కిటికాలో 1940ల మొదట్లో అమెరికన్ పరిశోధకులు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ ఒక ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసి మొదటి విండ్‌చిల్ లెక్కలు, అంటే గాలి వల్ల చలి ఎంత ఎక్కువగా తగులుతుందన్న లెక్కలు, వేశారు. అమెరికా, కెనడాలు 2001లో దాన్ని సవరించి కొత్త సూత్రం తెచ్చాయి. దాని ప్రకారం మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే బయటికి కనిపించే చర్మానికి అది మైనస్ 20లా తగులుతుంది. అయితే ఈ లెక్క కప్పులేని చర్మానికి. గాలి దూరని బట్ట ఒక్కటి పైన ఉంటే ఇందులో చాలాభాగం అక్కడే ఆగిపోతుంది. గాలి దూరే మందపాటి ఉన్ని గ్లౌజు ఈదురుగాలిలో ఓడిపోయి, పల్చటి ఫ్లీస్ మీద కాగితంలాంటి షెల్ (పైతొడుగు) వేసుకున్న చెయ్యి వెచ్చగా ఉండడం వెనక రహస్యం ఇదే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని తెలుసుకున్నాక నా ఎంపికే మారిపోయింది. చదునైన గోడకు దూది రెట్టింపు మందం పరిస్తే రక్షణా దాదాపు రెట్టింపవుతుంది. వేలు మాత్రం సన్నటి గొట్టంలాంటిది. దాని చుట్టూ పొర మందమయ్యేకొద్దీ బయటి వైశాల్యం కూడా పెరుగుతుంది, అంటే వేడి పోయే చోటు వెడల్పవుతుంది. 16 మిల్లీమీటర్ల లావున్న వేలి చుట్టూ 8 మిల్లీమీటర్ల దూదికి బదులు 16 మిల్లీమీటర్ల దూది వేశామనుకోండి. ఆ పొర ఇచ్చే రక్షణ సుమారు 1.6 రెట్లే అవుతుంది. ఈలోగా వేళ్ళు అరటికాయల్లా లావై ఏ పనికీ పనికిరాకుండా పోతాయి. మిట్టెన్‌లో నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఒదిగి ఉంటాయి కాబట్టి వాటి మధ్యలోంచి పోయే వేడి పోదు. ఒకదాని వెచ్చదనం ఇంకోదానికి అందుతుంది. అదే బట్ట, అదే దూదితో కుట్టినా మిట్టెన్ గ్లౌజుకంటే వెచ్చగా ఉంటుంది. చూపుడువేలు విడిగా ఉండే మధ్యరకం కూడా దొరుకుతుంది. పనికీ వెచ్చదనానికీ మధ్య అది ఫర్వాలేదనిపించే రాజీ.

లోపలి నుంచి బయటికి

మొదటిది లైనర్. ఒంటికి బనియన్ ఎలాంటిదో చేతికి లైనర్ అలాంటిది. పల్చగా, ఒక్కో వేలికీ అతుక్కున్నట్టు ఉండాలి, కానీ నొక్కకూడదు. దాని పని రెండు రకాలు. చెమటను చర్మం మీద నిలవనీయకుండా బయటి పొరకు అందించాలి. పై గ్లౌజు తీసి చిన్న పని చేయాల్సి వచ్చినప్పుడు వట్టి చెయ్యి బయటపడకుండా అడ్డుండాలి. ఆ రోజు నా లోపం ఈ రెండోది. మందపాటి గ్లౌజు కింద లైనరే లేదు. అది ఉంటే ఇనుము నేరుగా చర్మాన్ని తాకేది కాదు.

లైనర్‌కి నేను మెరీనో ఉన్నిని ఇష్టపడతాను. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడిగా అనిపించదు. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. తొందరగా చిరుగుతుందన్నది దాని లోటు. వేలికొసల దగ్గర నెలల్లోనే చిల్లులు పడతాయి. పాలిస్టర్ గట్టిది, త్వరగా ఆరుతుంది, నడక ఎక్కువున్న రోజుకి బావుంటుంది. అయితే కరుగుతుంది. స్టవ్ దగ్గరా, తాడు మీద వేగంగా దిగేటప్పుడూ సింథటిక్ లైనర్ ఒక్కదానితో పని చేయకూడదు. నూలు గ్లౌజులు ఈ పనికి వద్దే వద్దు. ఒకసారి చెమటకు తడిస్తే రోజంతా ఆరవు.

వేలికొసకు వెండి దారం లాంటి వాహకం కలిపి, ఫోన్ తెర మీద పనిచేసే లైనర్లు వస్తున్నాయి. మ్యాప్ ఫోన్‌లో చూసుకునేవాళ్ళకు ఇది ఆడంబరం కాదు. గంటకోసారి గ్లౌజు తీయకుండా కాపాడుతుంది.

రెండోది వెచ్చదనపు పొర. ఫ్లీస్, మందపాటి ఉన్ని, లేదా సింథటిక్ దూది నింపిన గ్లౌజు. డౌన్ ఈకలు బరువుకి తగ్గ వెచ్చదనంలో అన్నిటికంటే ముందుంటాయి కానీ తడిస్తే ముద్దయిపోతాయి. చేతులకు తడి తప్పదు కాబట్టి, బాగా ఎత్తైన పొడి చలికి తప్ప నేను డౌన్‌ని చేతులకు సూచించను. ప్రైమాలాఫ్ట్ లాంటి సింథటిక్ దూది పుట్టిందే ఈ లోటు తీర్చడానికి. తడిసినా పనికొచ్చే డౌన్ ప్రత్యామ్నాయం కావాలని అమెరికా సైన్యం కోరితే 1980ల్లో దాన్ని తయారుచేశారు. పాతకాలం పర్వతారోహకులు వాడిన డాక్‌స్టైన్ మిట్టెన్లను కూడా తక్కువ అంచనా వేయకూడదు. పెద్దగా అల్లిన ఉన్నిని వేడినీళ్ళలో ఉడికించి, కుదించి, దట్టంగా చేసేవాళ్ళు. వాటి మీద మంచు పేరుకుని పొరలా గడ్డకట్టి, గాలికి అదే అడ్డుగా నిలిచేది.

మూడోది షెల్. గాలినీ తడినీ ఆపే తొడుగు. దీని గురించే అపోహలు ఎక్కువ. వాటర్‌ప్రూఫ్ అని రాసున్న గ్లౌజుల్లో చాలావాటికి బయటి బట్ట నీటిని ఆపదు. బయటి బట్టకీ లోపలి దూదికీ మధ్య సన్నటి పొర సంచి ఒకటి ఉంటుంది. 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన సాగదీసిన పీటీఎఫ్ఈ ప్లాస్టిక్ పొర, అంటే గోర్‌టెక్స్, ఇందులో బాగా పేరున్నది. నీటి బొట్టు దూరలేనంత సన్నటి రంధ్రాల్లోంచి చెమట ఆవిరి బయటికి పోతుంది. కానీ బయటి బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కితే ఆ ఆవిరికి దారి మూసుకుపోతుంది. నీరు లోపలికి రాకపోయినా చెమట లోపలే నిలిచి చెయ్యి తడుస్తుంది. జనం గ్లౌజు లీకయిందనుకుంటారు. చాలాసార్లు అది వాళ్ళ చెమటే. బయటి బట్ట మీద నీటి బొట్లు పూసల్లా జారిపోతున్నాయో లేదో అప్పుడప్పుడూ చూసి, ఇంకిపోతుంటే నీటిని తోసే స్ప్రే మళ్ళీ కొట్టాలి. అరచేతి తోలుకి మైనం పట్టించాలి.

షెల్‌నీ వెచ్చదనపు పొరనూ కలిపి కుట్టేసిన గ్లౌజులు తొడుక్కోవడానికి సుఖంగా ఉంటాయి. కానీ తడి చేత్తో తీస్తే లోపలి బట్ట వేళ్ళతో పాటు బయటికి వచ్చేస్తుంది. మళ్ళీ ఆ వేళ్ళను లోపలికి సర్దడం గాలిలో నిలబడి చేసే పని కాదు. విడదీయగలిగినవైతే లోపలి పొరను జాకెట్టులో పెట్టి ఆరబెట్టుకోవచ్చు, ఇంకోటి మార్చుకోవచ్చు. రెండు మూడు రోజుల ప్రయాణమైతే నేను విడదీయగలిగినవే తీసుకెళ్తాను. వాలు మంచు మీద ఎక్కే కొందరు, షోవా కంపెనీ చలిలో పనిచేసేవాళ్ళ కోసం చేసే టెమ్రెస్ గ్లౌజులు వాడతారు. చూడ్డానికి పనివాళ్ళ రబ్బరు గ్లౌజుల్లా ఉంటాయి. బయటి పూత మీద నీరు ఇంకే బట్టే లేదు కాబట్టి తడి మంచులో ఖరీదైన వాటికంటే బాగా నిలబడతాయి.

అతి చలిలో ఇంకో ఉపాయం ఉంది. లైనర్ కింద చర్మానికి ఆనించి పల్చటి నైట్రైల్ రబ్బరు గ్లౌజు వేసుకుంటే చెమట ఆవిరి దూదిలోకి అసలు చేరదు. చెయ్యి చెమ్మగా అనిపిస్తుంది, కానీ పై పొరలన్నీ పొడిగా ఉంటాయి. ఒక్క పగటికి దీనితో పెద్ద తేడా తెలియకపోవచ్చు. రోజుల తరబడి గుడారంలో ఉంటూ గ్లౌజులు ఆరబెట్టుకునే వీలులేనప్పుడు తెలుస్తుంది.

కొనేటప్పుడు మూడు పొరలూ కలిపి తొడిగి చూడాలి. విడివిడిగా సరిపోయినవి కలిపితే బిగుసుకుంటాయి. పిడికిలి బిగిస్తే వేలికొసలు బట్టను లాగకూడదు. చెయ్యి చాపితే వేలికొసకు ముందు కొద్దిగా ఖాళీ మిగలాలి. అనుమానంగా ఉంటే షెల్ ఒక సైజు పెద్దదే మేలు. బిగుతు గ్లౌజు దూదిలోని గాలినీ నలిపేస్తుంది, వేలికి వచ్చే రక్తాన్నీ ఆపేస్తుంది. లేబుల్ మీద డిగ్రీలు రాసి ఉంటే వాటిని మరీ నమ్మొద్దు. కంపెనీలన్నీ పాటించే ఒకే కొలత వాటికి లేదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 511 గుర్తు ఉంటే మాత్రం చూడండి. మొదటి అంకె గాలి చలిని, రెండోది చల్లటి వస్తువు తాకిడిని ఎంత ఆపుతుందో 0 నుంచి 4 వరకు చెబుతుంది. మూడోది నీరు ఆగుతుందా లేదా అన్నది. ఈ గుర్తు ఎక్కువగా పనివాళ్ళ గ్లౌజుల మీదే కనిపిస్తుంది.

చేతికి ఉన్న పనిని బట్టి

ఎగువకు బరువు మోస్తూ నడిచేటప్పుడు ఒళ్ళంతా పొయ్యిలా ఉంటుంది. అప్పుడు లైనర్ చాలు, గాలుంటే పల్చటి షెల్ వేసుకుంటే సరిపోతుంది. చేతులు కాస్త చల్లగా ఉన్నట్టు అనిపిస్తే ఫర్వాలేదు. చెమట పట్టేదాకా ఆగి తీయడం పెద్ద పొరపాటు. నడక మొదలైన పావుగంటకే ఒక పొర తీసేయడం, ఆగడానికి ఒక నిమిషం ముందే మళ్ళీ వేసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆగాక వేసుకుంటే అప్పటికే చెయ్యి చల్లబడి ఉంటుంది. ట్రెక్కింగ్ పోల్ పట్టీలు మణికట్టును బిగించకుండా చూసుకోవాలి.

నిటారు మంచు ఎక్కడం పూర్తిగా వేరే కథ. చేతులు తలకంటే పైన ఉంటాయి, గుండెకంటే ఎత్తులో ఉన్నచోటికి రక్తం కష్టంగా చేరుతుంది. పైగా భయంతో ఐస్ యాక్స్‌ను ప్రాణం పోయేలా పట్టుకుంటాం. ఆ బిగువుకి ఉన్న రక్తం కూడా వేళ్ళలోంచి పిండుకుపోతుంది. కాసేపటికి చేతులు కిందికి దించగానే రక్తం ఒక్కసారిగా తిరిగొస్తుంది. ఆ నొప్పి అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. వేళ్ళలో సూదులు గుచ్చి తిప్పుతున్నట్టు ఉంటుంది, కడుపులో తిప్పుతుంది, కొందరికి కళ్ళు తిరుగుతాయి. క్లైంబర్లు దీన్ని స్క్రీమింగ్ బార్ఫీస్ అంటారు, అరుపూ వాంతీ రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. మందపాటి గ్లౌజు ఇక్కడ పనిచేయదు, ఎదురు దెబ్బ తీస్తుంది. పట్టు దొరకక ఇంకా గట్టిగా బిగించాల్సి వస్తుంది కాబట్టి. పిడి చక్కగా తెలిసే మధ్యస్థమైన గ్లౌజు వేసుకుని, పట్టు వదులు చేసి, ప్రతి నాలుగైదు దెబ్బలకోసారి ఒక చెయ్యి కిందికి వేలాడేసి విదిలించడం వల్ల చేతులు ఎక్కువ వెచ్చగా ఉంటాయి. నిటారు మంచు మీద పల్చటి గ్లౌజే వెచ్చటి గ్లౌజని చెబితే చాలామంది నమ్మరు. ఒకసారి రెండు చేతులకూ వేర్వేరు రకాలు వేసుకుని ఎక్కి చూడమంటాను.

ఎక్కి, తోటివాడు పడితే ఆపేలా తాడు పట్టుకుని (దీన్నే బిలే ఇవ్వడం అంటారు) నిలబడ్డప్పుడు లెక్క మళ్ళీ తిరగబడుతుంది. అరగంట కదలిక ఉండదు. ఎక్కుతున్నంతసేపూ జాకెట్టు లోపల ఛాతీకి ఆనించి ఉంచిన పెద్ద మిట్టెన్లు అప్పుడు బయటికి రావాలి. ఎక్కినప్పటి తడి గ్లౌజులు వాటి స్థానంలో లోపలికి వెళ్ళాలి. తాడు జారే అరచేతికి తోలు తప్పనిసరి.

మణికట్టు దగ్గర గ్లౌజు అంచు లోపలా బయటా అన్న వాదన చాలాచోట్ల వింటాం. ఇంటి పెంకులు గుర్తు తెచ్చుకోండి. పై పెంకు కింది పెంకు మీదికి రావాలి, లేకపోతే నీళ్ళు ఇంట్లోకి దిగుతాయి. నడిచేటప్పుడు చేతులు కిందికి వేలాడుతుంటాయి కాబట్టి జాకెట్టు చెయ్యి గ్లౌజు మీదికి రావాలి. చేతులెత్తి ఎక్కేటప్పుడు గ్లౌజే పైన ఉంటుంది, కాబట్టి గ్లౌజు అంచు జాకెట్టు మీదికి రావాలి.

గుడారం దగ్గర స్టవ్ వెలిగించే పనిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. పెట్రోలు లాంటి ఇంధనం నీళ్ళలా సున్నా దగ్గర గడ్డకట్టదు. బయట మైనస్ 20 ఉంటే అదీ మైనస్ 20 చల్లదనంతో ద్రవంగానే ఉంటుంది. చేతి మీద ఒలికితే ఆ చలికి తోడు ఆవిరవుతూ ఇంకా వేడి లాగేస్తుంది. క్షణాల్లో ఫ్రాస్ట్‌బైట్, అంటే చర్మం గడ్డకట్టే గాయం, రావచ్చు. ఇంధనం పోసేటప్పుడు వట్టి చేతులు వద్దు.

పోగొట్టుకుంటే

1950 జూన్ 3న ఫ్రెంచ్ పర్వతారోహకులు మారిస్ హెర్జోగ్, లూయీ లషెనాల్ 8091 మీటర్ల అన్నపూర్ణ శిఖరం ఎక్కారు. 8000 మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే మొదటిసారి. దిగేటప్పుడు సంచి తెరవడానికి హెర్జోగ్ గ్లౌజులు తీసి పక్కన పెట్టాడు. అవి వాలు మీద జారి కళ్ళముందే వెళ్ళిపోయాయి. సరిగ్గా ఇలాంటి అవసరం కోసమే ఆయన సంచిలో ఒక జత సాక్సులు ఉన్నాయి. వాటిని చేతులకు తొడుక్కోవచ్చన్న ఆలోచనే తనకు రాలేదని తరవాత ఆయనే రాసుకున్నాడు. వేళ్ళు పోయాయి. అంత ఎత్తులో, అంత అలసటలో మనిషి బుర్ర అలాగే పనిచేస్తుంది. అప్పటికప్పుడు తెలివి వాడతామన్న నమ్మకం పెట్టుకోకుండా, ముందే ఏర్పాటు చేసుకోవాలి. షెల్‌కి మణికట్టు దారాలు కట్టుకోవాలి. గ్లౌజు తీస్తే అది చేతికే వేలాడాలి. చంకలో, మోకాలి కింద, మంచు మీద పెట్టకూడదు. అదనపు మిట్టెన్ల జత సంచి అడుగున కాకుండా పై అరలో, చెయ్యి పెడితే తగిలేచోట ఉండాలి. పగటి ట్రెక్‌కి కూడా కనీసం రెండు జతల లైనర్లు, ఒక అదనపు వెచ్చటి జత తీసుకెళ్ళడం నా లెక్కలో కనిష్ఠం.

ఇనుపపొడి హ్యాండ్ వార్మర్లు కూడా తెచ్చుకుంటే మంచిదే. గాలిలోని ఆక్సిజన్‌తో ఇనుము తుప్పు పడుతూ వేడినిస్తుంది. అదే కారణంగా బాగా ఎత్తులో, గాలి ఆడని మిట్టెన్ లోపల అవి నీరసపడతాయి. ముందుగా తెరిచి జేబులో వేడెక్కనిచ్చి, లైనర్‌కీ మిట్టెన్‌కీ మధ్య, చేతి వెనకవైపు పెట్టాలి. చర్మానికి నేరుగా ఆనిస్తే, మొద్దుబారిన చేతికి కాలిన సంగతే తెలియదు.

వేళ్ళు తెల్లగా, మైనంలా మారి స్పర్శ పోతే అక్కడే ఆగాలి. చంకలోనో, తోటివాళ్ళ పొట్టకు ఆనించో వెచ్చబెట్టాలి, ఉంగరాలు తీసేయాలి. మంచుతో రుద్దకూడదు, ఏ వస్తువుతోనూ రుద్దకూడదు. చేతులను గుండ్రంగా గాలిమరలా తిప్పితే రక్తం వేలికొసలకు చేరుతుంది, తొలిదశలో ఇది బాగా పనిచేస్తుంది. వేలు గట్టిపడిందంటే అది ఫ్రాస్ట్‌బైట్. మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం లేనిచోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో కరిగించాలి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ.

రాత్రి గుడారంలో తడి లైనర్లను లోపలి చొక్కా కింద భుజాల మీద పరుచుకుంటే తెల్లారేసరికి ఆరతాయి. వెచ్చదనపు పొర నాతో పాటు స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకుంటుంది. స్టవ్ మంట దగ్గర ఏదీ ఆరబెట్టను, తోలు బిగుసుకుని చెక్కలా అవుతుంది. పొద్దున గుడారం గుమ్మంలోనే కూర్చుని, చేతులు ఇంకా వెచ్చగా ఉండగానే లైనర్లతో క్రాంపాన్లు కట్టుకుంటాను. జిప్పులన్నిటికీ, పట్టీల కొసలకీ వేలెడంత తాడు ముక్కలు ముడేసి ఉంచాను. దారిలో పట్టీ వదులైతే మిట్టెన్ తీయకుండానే ఆ ముడి పట్టుకుని లాగుతాను.